అమ్మ కాలి మీద గడ్డ: ముందుగా ఏ డాక్టరుకు చూపించాలి?

కాశీబుగ్గ_కుర్రాడు

మా అమ్మకు 54 ఏళ్ళు. పలాసలో జీడి పిక్కల పనికి వెళ్తుంది. ఎడమ మోకాలికి కాస్త కింద, బయటి పక్కన, చర్మం కింద ఒక గడ్డ ఉంది. రెండేళ్ళ క్రితం మొదటిసారి నాకు చూపించినప్పుడు జీడి పిక్కంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. ఎర్రదనం లేదు, జ్వరం లేదు, ఊరికే ఉన్నప్పుడు నొప్పి కూడా లేదు. కానీ మంచం పట్టె తగిలినా, పీట మీద నుంచి లేచేటప్పుడు చెయ్యి ఆనినా, పాదం పైభాగం వరకూ కరెంటు కొట్టినట్టు ఝుమ్మంటుందని చెబుతోంది. ఈ మాట కూడా తనంతట తాను చెప్పలేదు. చీర కుచ్చిళ్ళు ఆ పక్కకు తగలకుండా పైకెత్తి పట్టుకుని నడవడం చూసి నేనే నిలదీసి అడిగాను.

మా వీధిలోని ఆర్.ఎం.పి. గారు అది కొవ్వు గడ్డ అనీ, తెలిసిన నర్సింగ్ హోములో పది నిమిషాల్లో తీయించేస్తాననీ అంటున్నారు. పక్కింటి పిన్ని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళమంటోంది. మా బావ చర్మవ్యాధుల డాక్టరు చాలంటున్నాడు. ఈలోగా మందుల షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళలు వేసుకుంటూ అమ్మ పనికి పోతోంది. ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోతుంది కాబట్టి నలుగురు డాక్టర్ల చుట్టూ తిరిగే ఓపిక ఆమెకు లేదు, తిప్పే స్తోమత నాకు లేదు. మొదట ఎవరికి చూపించాలో తెలిసినవారు చెప్పండి.

రాజాం_రామం

ఆలోచించకుండా విశాఖపట్నం తీసుకెళ్ళి పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో చూపించండి. అక్కడ అందరు స్పెషలిస్టులూ ఒకే చోట ఉంటారు కాబట్టి ఎవరి దగ్గరికి పంపాలో వాళ్ళే చూసుకుంటారు.

విశ్రాంత_స్టాఫ్‌నర్స్

రామం గారి సలహాతో నేను ఏకీభవించలేను. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రి సర్జికల్ వార్డులో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: పెద్ద ఆసుపత్రికి వెళ్ళినా ముందు కౌంటరు దగ్గర "ఏ విభాగం?" అనే అడుగుతారు. అక్కడ మనం చెప్పే సమాధానాన్ని బట్టే చీటీ రాస్తారు. కాలు కాబట్టి ఎముకలు అని చెబితే ఎముకలకే వెళ్తాం.

బాబూ, కాలి మీద గడ్డ అంటే ఒకే జబ్బు కాదు. అది ఏ పొరలోంచి పుట్టిందో దాన్ని బట్టి డాక్టరు మారతాడు. చర్మంతో పాటే కదిలి, నడుమ నల్లటి చుక్క ఉండి, అప్పుడప్పుడు చీము కారే గడ్డ చర్మానిది. చర్మం కింద మెత్తగా జారే గడ్డ చాలావరకు కొవ్వుది. ఈ రెండూ జనరల్ సర్జన్ చూసేవే. మోకాలి వెనుక గుంటలో ఉబ్బి, కాలు చాపితే గట్టిపడి, ముడిస్తే మెత్తబడేది కీలులోని నీటి తిత్తి అయ్యే అవకాశం ఎక్కువ, దానికి ఎముకల డాక్టరు కావాలి. నిలబడితే పొంగి, పడుకుని కాలు ఎత్తితే తగ్గిపోయేది సిరలకు సంబంధించినది, దానికి రక్తనాళాల సర్జన్ ఉండాలి. వేలు ఆనిస్తే గుండెలా కొట్టుకునే గడ్డ ధమనిది కావచ్చు కనుక దానిలో సూది కూడా గుచ్చనివ్వకూడదు.

ఇవన్నీ ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన అవసరం మీకు లేదు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో జనరల్ సర్జరీ ఓ.పి.కి తీసుకెళ్ళండి. 2008లో వైద్య కళాశాల వచ్చినప్పటి నుంచి అక్కడ సర్జరీ, ఎముకలు, రేడియాలజీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి కాబట్టి ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి ఆ రోజే నడిచి వెళ్ళవచ్చు. కత్తి పట్టే ముందు అల్ట్రాసౌండ్ తీయించమని మాత్రం గట్టిగా అడగండి. గడ్డ ఏ పొరలో ఉంది, లోపల నీరా కండా, రక్తప్రసారం ఎంత అన్నవి ఆ ఒక్క పరీక్షలో చాలావరకు తెలుస్తాయి.

బొబ్బిలి_తమ్ముడు

నర్సమ్మ గారి చివరి మాటను దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మా అన్నయ్యకు తొడ మీద గడ్డ వచ్చింది. నొప్పి లేదు కనుక కొవ్వు గడ్డే అన్నారు. ఒక నర్సింగ్ హోములో స్కానింగ్ లేకుండానే మత్తు సూది వేసి తీసేశారు. తీసిన ముక్కను స్టీలు గిన్నెలో వేసి బయట కూర్చున్న మాకు చూపించారు, అది కోడిగుడ్డు కన్నా పెద్దదిగా ఉంది. దాన్ని ల్యాబుకు పంపాలని వాళ్ళు చెప్పలేదు, అడగాలని మాకు తెలియలేదు. ఏడు నెలలకు అదే కుట్టు కింద మళ్ళీ లేచింది.

అప్పుడు విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాం. అది మెత్తటి కండరాల్లో పుట్టే క్యాన్సర్, సార్కోమా అని తేలింది. అక్కడి డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు: మొదటిసారి గడ్డను పగలగొట్టి తీసినప్పుడు దాని కణాలు చుట్టుపక్కల పొరల్లోకి చెదిరిపోయాయి కాబట్టి ఇప్పుడు పాత కుట్టుతో సహా చాలా వెడల్పుగా తీయవలసి వస్తుందని, తరువాత రేడియేషన్ కూడా కావాలని చెప్పారు. మొదటి రోజే ఎం.ఆర్.ఐ. తీసి, సూదితో ముక్క పరీక్ష చేసి ఉంటే కండరం ఇంత పోయేది కాదు. అన్నయ్య ఈనాడు నడుస్తున్నాడు, కానీ మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు.

గరివిడి_మాస్టారు

ఇలాంటి సంగతులు చదివి ఆ తల్లి భయపడిపోతుందేమోనని నాకు ఆందోళనగా ఉంది. నా ఒంటి మీద మూడు కొవ్వు గడ్డలు ఇరవై ఏళ్ళుగా ఉన్నాయి, అందులో ఒకటి పిక్క మీదే ఉంది. సర్జన్ గారు నొక్కి చూసి, స్కానింగ్ చేయించి, ఇబ్బంది పెట్టనంత కాలం వదిలేయమన్నారు. నూటికి నూరు గడ్డలనూ క్యాన్సర్‌గా అనుమానిస్తే మనుషులు డాక్టరు దగ్గరికి రావడమే మానేస్తారు.

బొబ్బిలి_తమ్ముడు

మాస్టారూ, మీ మాట కాదనడం లేదు. మీకు స్కానింగ్ చేసి వదిలేశారు, మా అన్నయ్యకు చేయకుండా కోసేశారు. నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క తేడా గురించే. అయిదు సెంటీమీటర్లు దాటిన గడ్డ, పెరుగుతున్న గడ్డ, కండరం లోతున ఉన్న గడ్డ, ఒకసారి తీశాక మళ్ళీ వచ్చిన గడ్డ – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్షలు పూర్తయ్యేదాకా కత్తి పెట్టకూడదని అక్కడ మాకు చెప్పారు. నొప్పి లేకపోవడం మంచి లక్షణమని మేము అనుకున్నాం, ఆ భరోసా వల్లే ఆలస్యమైంది.

పాలకొండ_పీజీ

నేను ఎముకల విభాగంలో పీజీ చదువుతున్నాను. ఇంతవరకూ ఎవరూ పట్టించుకోని ఒక మాట మొదటి పోస్టులోనే ఉంది. తగిలితే పాదం పైభాగం వరకూ కరెంటు కొట్టినట్టు ఉంటుందని ఆమె చెప్పింది. కొవ్వు గడ్డ సాధారణంగా అలా చేయదు.

మోకాలి కింద బయటి పక్కన వేళ్ళతో తడిమితే పిక్క ఎముక పక్కనుండే సన్నటి ఎముక తల గుండ్రంగా తగులుతుంది. దాని మెడ చుట్టూ ఒక నరం తిరిగి ముందుకు వస్తుంది. ఆ చోట దాని మీద చర్మం, పలుచటి పొర తప్ప పెద్ద రక్షణ లేదు. పాదాన్ని పైకెత్తే కండరాలు ఆ నరం మీదే ఆధారపడతాయి, పాదం పైభాగంలోని స్పర్శ కూడా దాని ద్వారానే తెలుస్తుంది. గడ్డ ఆ నరం తొడుగు నుంచే పుట్టి ఉండవచ్చు, లేదా పక్కనున్న చిన్న కీలు నుంచి వచ్చిన నీటి తిత్తి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. కొవ్వు గడ్డ అనుకుని పది నిమిషాల్లో తీసేటప్పుడు ఆ నరం తెగితే పాదం వేలాడిపోతుంది, నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, బొటనవేలు నేలకు రాసుకుంటుంది. ఆ తరువాత నరాన్ని అతికించినా పూర్వపు బలం తిరిగి వస్తుందన్న హామీ ఉండదు.

గడ్డ అయిదు సెంటీమీటర్ల లోపు ఉంది కదా అని ఇక్కడ ధైర్యపడకూడదు. పరిమాణం ఎంత ముఖ్యమో చోటు కూడా అంతే ముఖ్యం. అల్ట్రాసౌండ్ తరువాత ఎం.ఆర్.ఐ. అవసరం పడవచ్చు. ఎవరు ఆపరేషన్ చేయాలన్నది అది చూశాకే తేలుతుంది. నరం మీది గడ్డ అయితే నరాలను భూతద్దాలు పెట్టుకుని విడదీసే అలవాటున్న ప్లాస్టిక్ సర్జన్ గానీ న్యూరోసర్జన్ గానీ ఉండాలి, కొన్నిచోట్ల ఎముకల విభాగంలో కూడా అలాంటి అనుభవజ్ఞులు ఉంటారు. అయినా మొదట చూపించవలసింది నర్సమ్మ గారు చెప్పిన జనరల్ సర్జరీ ఓ.పి.లోనే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఉద్దానం_కొబ్బరితోట

మీరు పలాస వారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా నాన్న గారు మోకాలి నొప్పికి ఏళ్ళ తరబడి షాపు బిళ్ళలు మింగారు. డయాలసిస్ మొదలయ్యాక గానీ ఆ బిళ్ళలు కిడ్నీలకు హాని చేస్తాయని మాకు ఎవరూ చెప్పలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ ఊరు చూసినా కిడ్నీ జబ్బు లేని వీధి కనబడదు. గడ్డ సంగతి ఎలా ఉన్నా, అమ్మ గారి నొప్పి బిళ్ళలు ఈ రోజే ఆపించి, ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. ఎం.ఆర్.ఐ.లో రంగు మందు ఎక్కించవలసి వస్తే కిడ్నీల స్థితి ముందుగా తెలియడం అవసరం.

వంశధార_రైతు

నాది పాదం మీద గడ్డ, కాబట్టి వేరే దారి. చెప్పులు లేకుండా పొలంలో తిరిగే మాలాంటి వారికి పనికొస్తుందని రాస్తున్నాను. ముల్లు గుచ్చుకున్న చోట నొప్పి లేని గట్టి వాపు వచ్చి, రెండు మూడేళ్ళలో దాని మీద చిన్న చిన్న రంధ్రాలు పడి, వాటిలోంచి చీముతో పాటు ఆవాల్లాంటి నల్లటి గింజలు రావడం మొదలైంది. పసరు కట్లు కట్టాను, రెండుసార్లు కోయించుకున్నాను, మళ్ళీ వచ్చింది. చివరికి చర్మవ్యాధుల డాక్టరు ఆ గింజలను పరీక్షకు పంపి మదురా పాదం అని తేల్చారు. మదురైలో మొదట గుర్తించిన జబ్బు కనుక ఆ పేరట. శిలీంధ్రం వల్ల వస్తే ఒక మందు, బ్యాక్టీరియా వల్ల వస్తే ఇంకో మందు, అదీ నెలల తరబడి వాడాలి. నా విషయంలో చర్మం డాక్టరే సరైన మనిషి. ఈ అబ్బాయి బావ చెప్పిన మాట అన్ని గడ్డలకూ తప్పు కాదు.

నెల్లిమర్ల_అక్క

గడ్డ అని అనుకున్నది గడ్డ కాకపోవచ్చని కూడా ఒకరు చెప్పాలి. మా మామయ్య గారికి కాలు విరిగి కట్టు వేసి పడుకోబెట్టిన మూడో వారంలో పిక్క ఒకే పక్కన గట్టిపడి వాచింది. కండ పట్టేసిందని నూనె రాసి మర్దన చేయించాం. మరునాడు ఆయాసం వచ్చి మనిషి నీలంగా అయిపోయాడు. పిక్క సిరలో గడ్డకట్టిన రక్తం మర్దనతో కదిలి ఊపిరితిత్తులకు చేరిందని తరువాత తెలిసింది. 108లో తీసుకెళ్ళడం వల్ల దక్కాడు. ఒక్క రోజులోనో రెండు రోజుల్లోనో ఒకే కాలు వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది ఓ.పి. రోజు కోసం ఆగే విషయం కాదు. వెంటనే డాప్లర్ స్కానింగ్ (రక్తనాళాల్లో రక్తం కదలికను చూపేది) ఉన్న చోటికి వెళ్ళాలి, ఎవరినీ ఆ కాలు పిసకనివ్వకూడదు.

చీపురుపల్లి_చెల్లి

నాకు గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం వస్తోంది, ఆ తరువాత కాలు వాస్తోంది. నేనూ సర్జన్ దగ్గరికే వెళ్ళాలా?

విశ్రాంత_స్టాఫ్‌నర్స్

ముందు నీ పాదం, వేళ్ళ సందులు వెలుతురులో చూసుకో తల్లీ. అక్కడ పుండో పాచిన చర్మమో ఉంటే బిళ్ళ దాని వల్లే కట్టి ఉంటుంది. అలా పదే పదే వస్తుంటే మన జిల్లాల్లో బోదకాలు సంగతి కూడా చూడాలి. ముందుగా జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించి, ఫైలేరియా రక్తపరీక్ష అడుగు. ఆ సూక్ష్మక్రిములు రాత్రి పూటే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి కాబట్టి రాత్రి పది దాటాక తీసిన రక్తమే ఎక్కువ నమ్మకం. జ్వరం లేకుండా బిళ్ళ నెల దాటి అలాగే గట్టిగా ఉంటే మాత్రం సర్జన్‌కు చూపించాలి.

కాశీబుగ్గ_కుర్రాడు

అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను. నొప్పి బిళ్ళలు నిన్ననే ఆపించాను. అయితే ఆర్.ఎం.పి. గారు గురువారానికి నర్సింగ్ హోములో మాట్లాడేశారు, కాదంటే చిన్నబుచ్చుకుంటారని అమ్మ అంటోంది. పెద్దాసుపత్రి పేరెత్తితే "గడ్డకు పెద్దాసుపత్రి అంటే క్యాన్సరే కదా, నాకు చెప్పకుండా తీసుకెళ్తున్నావు" అని అన్నం మానేసింది. ఎలా ఒప్పించాలో తెలియడం లేదు.

విశ్రాంత_స్టాఫ్‌నర్స్

అబద్ధం చెప్పి మాత్రం తీసుకెళ్ళకు బాబూ. స్కానింగ్ గది ముందు బోర్డు చదివించుకున్న క్షణంలో ఆమెకు నీ మీద నమ్మకం పోతుంది. గడ్డ నరం మీద ఉందేమో చూడాలి, నరం తెగితే పీట మీద నుంచి లేచి నడవడం కష్టమవుతుంది, అందుకే కోసే ముందు ఫోటో తీయించుకుంటున్నాం అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. పనిచేసుకునే మనిషికి కాలు పోతుందేమో అన్న మాట క్యాన్సరు మాట కన్నా బాగా అర్థమవుతుంది. ఆర్.ఎం.పి. గారిని కూడా వెంట రమ్మను. నా ఉద్యోగ కాలంలో అలా వెంట వచ్చి, డాక్టరు చెప్పింది విని, తరువాత తమ ఊరి వాళ్ళను తామే తీసుకొచ్చిన వారిని చాలామందిని చూశాను.

గరివిడి_మాస్టారు

పాలకొండ డాక్టరు గారి వివరణ చదివాక, ఈ తల్లి విషయంలో వేచి చూడమనే అర్థం వచ్చేలా నేను రాసినదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. గురువారం ఆపరేషన్ దయచేసి ఆపించండి.

సాలూరు_సంత

రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, హెల్ప్ డెస్క్ దగ్గర కూర్చునే ఉద్యోగితో పరీక్షలకు ముందే మాట్లాడండి. ఏ ఆపరేషన్ పథకంలోకి వస్తుంది, బయట తీయించిన స్కానింగ్ ఖర్చు ఎవరిది అన్నది ముందుగా అడగకపోవడం వల్ల మేము చేతి డబ్బు పెట్టుకోవలసి వచ్చింది.

కాశీబుగ్గ_కుర్రాడు

శ్రీకాకుళం వెళ్ళి వచ్చాం. ఆర్.ఎం.పి. గారు కూడా వచ్చారు. సర్జన్ గారు గడ్డను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని అటూ ఇటూ కదిపితే కదిలింది, పైకీ కిందికీ కదిపితే కదలలేదు. తరువాత ఒక వేలితో మెల్లగా తట్టారు. అమ్మ పాదం ముడుచుకుని "అదే, అదే" అంది. ఆయన వెంటనే కలం తీసి అల్ట్రాసౌండ్ రాశారు. 3.2 సెంటీమీటర్ల గట్టి గడ్డ, నరాన్ని ఆనుకుని ఉందని రిపోర్టు వచ్చింది. ఎం.ఆర్.ఐ.కి ముందు క్రియాటినిన్ చేస్తే 1.8 ఉంది, అంటే ఉండవలసినదానికన్నా ఎక్కువ. ఉద్దానం అన్నా, మీరు చెప్పకపోతే ఆ సంగతి మాకు ఇంకెప్పటికి తెలిసేదో. రంగు మందు లేకుండానే ఎం.ఆర్.ఐ. తీశారు. నరం తొడుగు నుంచి పుట్టిన గడ్డలా ఉందని, చూడటానికి ప్రమాదకరమైనదిగా లేదని రాశారు. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి చీటీ ఇచ్చారు. కిడ్నీల కోసం పలాసలోనే 2023లో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రిలో చూపించమన్నారు.

పాలకొండ_పీజీ

అటూ ఇటూ కదిలి, పైకీ కిందికీ కదలకపోవడం నరం మీది గడ్డ లక్షణమే, నరం నిలువుగా దాన్ని కట్టి ఉంచుతుంది. కింగ్ జార్జ్‌లో ఆపరేషన్‌కు ముందు రెండు విషయాలు అడగండి: నరం పోగులను వేరు చేసి గడ్డను మాత్రమే తీసే ప్రయత్నం చేస్తారా, తీసిన ముక్కను పాథాలజీకి పంపుతారా. ఆ రోజే అమ్మ గారు పాదాన్ని, బొటనవేలిని ఎంత పైకి ఎత్తగలుగుతున్నారో ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి, తరువాత పోల్చి చూడటానికి ఉంటుంది.

కాశీబుగ్గ_కుర్రాడు

నలభై రోజుల తరువాత రాస్తున్నందుకు మన్నించండి. ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో ఆపరేషన్ అయింది. గడ్డను తొడుగులోంచి గింజ తీసినట్టు తీశామని, నరం నిలిచిందని చెప్పారు. ముక్క ఉన్న సీసా మీద అమ్మ పేరు, ఎడమ కాలు అని రాసి ఉందో లేదో నేనే చదివి చూసుకుని ల్యాబులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. బొబ్బిలి అన్న చెప్పిన స్టీలు గిన్నె నా కళ్ళ ముందు కదులుతూనే ఉంది. రిపోర్టులో ష్వానోమా అని, అంటే నరం తొడుగు నుంచి పుట్టిన గడ్డ అని, క్యాన్సర్ కాదని వచ్చింది. పాదం పైభాగంలో రూపాయి బిళ్ళంత మేర తిమ్మిరి ఉంది, బొటనవేలు మాత్రం వీడియోలో ఉన్నంత ఎత్తూ లేస్తోంది. వచ్చే నెల నుంచి పనికి వెళ్తానంటోంది. క్రియాటినిన్ కోసం నెలనెలా చూపిస్తున్నాం.

ఆమదాలవలస_నాన్న

ఈ చర్చ మొత్తం చదివి అడుగుతున్నాను. మా అబ్బాయికి 15 ఏళ్ళు. కబడ్డీలో దెబ్బ తగిలిందని మోకాలి పైన వాపును రెండు నెలలుగా కట్టు కట్టి ఉంచాం. పగలు బాగానే ఉంటాడు, రాత్రి నొప్పితో నిద్ర లేస్తున్నాడు. మాకు సర్జనా, ఎముకల డాక్టరా?

విశ్రాంత_స్టాఫ్‌నర్స్

ఎముకల డాక్టరే. కట్టు విప్పేయండి, మర్దన వద్దు, మోకాలికి రెండు వైపుల నుంచీ ఎక్స్‌రే రేపే తీయించండి. ఆ వయసులో మోకాలి దగ్గర రాత్రి నొప్పితో ఉన్న వాపు దెబ్బ వల్ల కాకపోవచ్చు. ఎక్స్‌రేలో ఎముకలో ఏదైనా తేడా ఉందని అంటే ఎక్కడా కోయించకుండా, సూది గుచ్చనివ్వకుండా నేరుగా అగనంపూడి తీసుకెళ్ళండి. ఎక్స్‌రే తీయించాక రిపోర్టులో ఏమని రాశారో ఇక్కడే చెప్పండి, నేను చూస్తూ ఉంటాను.